చేతికి తగలని బిళ్ళ

2003 ఆగస్టు 3, ఆదివారం. వర్తూరు షెడ్లు, బెంగళూరు.

జరిగింది అన్యాయం. చేసినవాడు దేవదానం.

పేరు రాసి పెట్టుకుంటున్నాను. రేపు కోపం చల్లారితే నేనే అతన్ని వెనకేసుకొస్తానేమోనని.

నిన్న మా అన్న సుంకన్నను నాకు చెప్పకుండా సిటీలోని పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. నేను బెళ్ళందూరులో స్లాబుకు కడ్డీలు కడుతున్నాను. సాయంత్రం వచ్చేసరికి అన్న షెడ్డు ముందర నోట్లో దూది పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. నాలుక కుడి అంచున ఉన్న పుండులోంచి చిన్న ముక్క కోసి పరీక్షకు పంపారట. వారం తర్వాత రమ్మన్నారట. అన్నీ ‘అట’లే. పక్కింటి సంగతిలాగా వినాల్సి వచ్చింది.

దేవదానం మాకు చుట్టమా, పక్కమా? మూడో వరస షెడ్డులో ఉండే టైల్సు మనిషి. కర్నూలు పక్కవాడు. నేను పదకొండేళ్ళ వయసు నుంచి అన్న చేతి అన్నం తిన్నవాణ్ణి. కదిరిలో బస్సు ఎక్కించి, ఇక్కడ రాత్రి బడిలో వేసి, తనకు రాని అక్షరాలు నాకు నేర్పించాడు. నేను చదువుతాను, ఆయన వింటాడు. పేపరైనా, కరపత్రమైనా, రేషను కార్డు అయినా. ఇది మా ఇంటి పద్ధతి.

ఆ పుండు మే నెల నుంచి ఉంది. వేడి చేసిందని చెప్పింది నేనే. బి-కాంప్లెక్సు మాత్రలు తెచ్చింది నేనే. దవడన పొగాకు పెట్టుకోవడం మానమని కరపత్రం చదివి వినిపించిందీ నేనే. ఇంత చేసినవాణ్ణి ఒక్క మాట అడగకూడదా?

తీవ్రంగా ఖండిస్తున్నాను.

ఆగస్టు 6

అన్న పేపరు వినడానికి రాలేదు. దేవదానం షెడ్డులో ఉన్నాడు.

నాకు నేనే చదువుకున్నాను. సంపాదకీయం బాగుంది.

ఆగస్టు 9, శనివారం

క్యాన్సరు. రాశాను. ఇంకోసారి రాయను.

ముగ్గురం పోయాం. అన్న, నేను, అతను. డాక్టరు పేరు చాందిని. చిన్న వయసే. కన్నడం కలిపిన తెలుగు మాట్లాడుతుంది. నాలుక అంచు కొంత తీసేస్తారట. అంతవరకు సరే. దాంతోపాటు కుడి పక్క మెడను చెవి కింద నుంచి మెడ కింది ఎముక దాకా తెరిచి, లోపల ఉండే బిళ్ళలన్నీ తీసేస్తారట. గజ్జల్లో బిళ్ళ కడుతుంది కదా, మెడలోనూ అలాంటివే ఉంటాయట.

మెడలో బిళ్ళ కట్టిందా అని అడిగాను. ఆమె మళ్ళీ వేళ్ళతో నొక్కి చూసి, చేతికి ఏమీ తగలట్లేదు అంది. ఆమే అంది, నేను కాదు.

మరి లేనిదాన్ని ఎందుకు కోయడం?

"తగిలేదాకా కాచుకుంటే లేట్ అవుతుందప్పా. ఇప్పుడే తీస్తే భుజం నరం ఉంచి తీయొచ్చు. మేస్త్రీ కదా, ఆ చెయ్యి బేకు కదా, కావాలి కదా ఆయనకి."

జబ్బు లేని చోట కత్తి పెట్టడం దోపిడీ అని నా దగ్గర కరపత్రం ఉంది. ఆ మాట చెప్పాను, గట్టిగానే చెప్పాను. వరుసలో ఉన్నవాళ్ళు తిరిగి చూశారు. ఆమె ఏదో రాసుకుంటోంది. అన్న నా వైపు చూడలేదు. దేవదానం వైపు చూశాడు.

బస్టాపులో అతను మొదలుపెట్టాడు. బాత్రూములో నీళ్ళు దిగే కాడ జాలీ పెడతాం కదా సుంకన్నా, పైనుంచి చూస్తే శుభ్రంగానే ఉంటాది, ఎత్తి చూస్తేనే తెలుస్తాది ఎంత చెత్త పట్టిందో అన్నాడు. బిళ్ళలు అలాంటి జాలీలట. నాలుకలో పుట్టింది కిందికి దిగుతూ ముందు అక్కడ పట్టుకుంటుందట. అందుకని జాలీతో సహా తీయాలట.

టైల్సు మనిషి వైద్యం చెప్తున్నాడు, మా అన్న తల ఊపుతున్నాడు.

తర్వాత చొక్కా గుండీ విప్పి తన మెడ చూపించాడు. మూడేళ్ళ కింద అతనికీ ఇదే కోత. చెవి కింద నుంచి కిందికి తాడు పడుకున్నట్టు గీత. ఆలస్యంగా పోయాడట, నరం దక్కలేదు. ఆ పక్క భుజం జారి ఉంది. అంతకుముందు గోడలకు ప్లాస్టరింగు చేసేవాడట. చెయ్యి భుజం దాటి లేవకపోయేసరికి నేలకు దిగి టైల్సు పని పట్టాడు.

"ఇస్త్రీ చొక్కా ఏసినా హ్యాంగరు ఇరిగినట్టే ఉంటాది సూడు సుంకన్నా," అన్నాడు.

అన్న నవ్వాడు. నాలుక నొప్పికి నోరు మూసుకుని ముక్కుతో నవ్వాడు. తర్వాత వేలు చాచి ఆ గీతను పై నుంచి కింది దాకా తడిమాడు, కొత్త గోడ మట్టం చూసుకున్నట్టు.

మూడు నెలలుగా నేను ఎన్ని చదివి వినిపించినా నవ్వని మనిషి.

నా మెడ మీద గీత లేదు. కాబట్టి నా మాటకు విలువ లేదు. అంతేగా.

ఆగస్టు 14, గురువారం

దేవదానానికి సర్జాపురలో మూడు వారాల పని దొరికింది. అక్కడే ఉంటాడు. పోతూ పోతూ, ఆపరేషను తేదీ తెచ్చుకోవడం మరవద్దని వదినకు రెండుసార్లు చెప్పాడు. నేను పక్కనే ఉన్నాను.

అన్న ఆసుపత్రి కార్డు నా చేతికే ఇచ్చాడు. "నువ్వే పోయిరా గురప్పా. నేను పోతే ఆ గదికీ ఈ గదికీ తిరగల్ల. నువ్వయితే సదువుకుంటావు."

పోయాను. చీటీ ఇచ్చారు.

తిరిగి వచ్చి, పడకలు ఖాళీ లేవు, నెల పడుతుంది అని చెప్పాను.

ఇందులో అబద్ధం ఏముంది? పడకలు నిండే ఉన్నాయి. వరండాలో చాపలు వేసుకుని పడుకున్నారు, నా కళ్ళతో చూశాను. చీటీలో 18వ తేదీ సోమవారం పొద్దున ఎనిమిదికి చేరాలని రాసి ఉంది. అది వేరే సంగతి.

కరపత్రం అచ్చు వేసిన సంఘం అడ్రసుకు ఉత్తరం రాశాను. జవాబు వచ్చేదాకా ఆగమంటున్నాను, అంతే. ఒక మనిషి మెడ తెరిచే ముందు ఆలోచించకూడదా? చేతికి ఏమీ తగలనప్పుడు?

చీటీ పెట్టెలో, కరపత్రాల కింద ఉంది.

ఆగస్టు 16

అన్నకు ఆపరేషను ఎందుకు ఆగిందని షెడ్లలో అందరూ అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ చెప్పడం ఎందుకని పన్నెండు కాగితాల మీద ఎర్ర రంగుతో రాసి గోడలకు అతికించాను. ‘నగరం కట్టినవాడికి నగరంలో పడక లేదు! మేస్త్రీ సుంకన్నను వెనక్కి పంపిన ఆసుపత్రి!’

నీళ్ళ కోసం నిలబడినవాళ్ళు ఒకరు చదువుతుంటే పదిమంది విన్నారు. పళ్ళు కొరికారు. మా తమ్ముడు రాసినాడు అని అన్న వేలితో చూపించాడు.

ఈ మధ్యకాలంలో ఇంత మంచి రోజు లేదు.

ఆగస్టు 18

సోమవారం. ఎనిమిది దాటింది. పనికి పోయాను.

ఆగస్టు 24, ఆదివారం

వారం రోజులుగా అన్న రోజూ పేపరు వింటున్నాడు. సిమెంటు బస్తా మడిచి వేసుకుని, మోకాళ్ళు పట్టుకుని, ఇదివరకటిలాగే. నేను చదివింది ఆపి వివరిస్తాను, ఆయన ఊఁ కొడతాడు. దేవదానం పేరు రెండుసార్లు ఎత్తాడు. రెండే.

పసుపు, తులసి నూరి నేనే పుండుకు రాస్తున్నాను. తగ్గుముఖం పట్టినట్టే ఉంది. కదిరమ్మ వదిన మాత్రం పెరిగిందంటుంది. సంగటి పలచగా జారుగా చేస్తే గానీ మింగలేకపోతున్నాడట, మాట ముద్దగా వస్తోందట. ఆమె దీపం పెట్టుకుని చూస్తుంది, నేను ఎండలో చూస్తాను. వెలుతురు తేడా.

ఆగస్టు 30

సంఘం నుంచి పోస్టుకార్డు వచ్చింది. తమ కరపత్రం లాభాల కోసం చేసే అనవసరపు ఆపరేషన్ల గురించి రాసిందట. మా అన్నది అలాంటిది కాదట. నాలుకకు ఈ జబ్బు వస్తే మెడ బిళ్ళలు చేతికి తగలకముందే తీయడం సరైన పద్ధతి అని తమ డాక్టరు చెప్పాడట. ‘ఒక్కరోజు కూడా ఆలస్యం చేయవద్దు మిత్రమా.’

వీళ్ళూ అమ్ముడుపోయారు.

సెప్టెంబరు 3, బుధవారం

అన్న గడ్డం గీస్తున్నాను. కుడి పక్కకు తల తిప్పమన్నాను. చర్మం లాగి పట్టుకోవడానికి దవడ కింద వేళ్ళు పెట్టాను.

తగిలింది.

చెవికి కొంచెం దిగువన. రేగికాయంత. గట్టిగా ఉంది. అటూ ఇటూ జరపబోతే జరగలేదు.

"ఏమిరా, ఆగినావు?"

బ్లేడు మొద్దుబారిందన్నా అన్నాను. సగం గీసిన గడ్డంతో కూర్చోబెట్టి కొత్త బ్లేడు తెస్తానని బయటికి వచ్చాను. జేబులో కొత్త బ్లేడు ఉంది.

సెప్టెంబరు 4

ఉంది.

సెప్టెంబరు 5

ఉంది. పంటి వాపు అయి ఉంటుంది. పంటి వాపుకు కూడా బిళ్ళ కడుతుంది.

సెప్టెంబరు 7, ఆదివారం

దేవదానం వచ్చాడు. సంచి కింద పెట్టకముందే అన్న దవడ కింద చెయ్యి పెట్టాడు. ఎక్కడ పెట్టాలో అతనికి తెలుసు. వేళ్ళు అక్కడే ఆగాయి. మెల్లగా నా వైపు తిరిగాడు.

నీళ్ళ డ్రమ్ముల వెనక్కి తీసుకుపోయి చీటీ అడిగాడు. తెచ్చి ఇచ్చాను. చదువు రాకపోయినా అంకెలు వచ్చు అతనికి. పద్దెనిమిది, ఎనిమిది అని రెండుసార్లు వేలు పెట్టి చదివాడు. కొడతాడని పళ్ళు బిగించుకుని నిలబడ్డాను. కొడితే బాగుండేది.

కొట్టకపోయేసరికి నాకే నోరు లేచింది. నీ మెడ కోసినారని ఊర్లో అందరి మెడలూ కోయించల్లనా అన్నాను. మా అన్నను నా దగ్గర నుంచి లాక్కున్నావన్నాను. ఇంకా ఏమేమో అన్నాను. రాయదగినవి కావు.

"కోయించుకున్నా కాబట్టే నీతో మాట్లాడతాండా," అన్నాడు. చీటీ నా చేతికి తిరిగి ఇచ్చి, "మీ అన్నకు నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?" అన్నాడు.

అది కూడా అతనే చెప్తే ఇక నాకు ఏమీ మిగలదు. నేనే చెప్పాను. వదిన ముందరే చెప్పాను. తేదీ, చీటీ, పెట్టె, గడ్డం గీసినప్పుడు తగిలింది, అన్నీ.

అన్న తన అరచేతులు చూసుకున్నాడు. సున్నం తిన్న చేతులు.

"నాకు సదువు రాదనే కదప్పా నిన్ను పంపినా."

నన్ను ఎప్పుడూ ‘రా’ అంటాడు. ఈరోజు ‘అప్పా’ అన్నాడు, దారిన పోయేవాణ్ణి అన్నట్టు.

వదిన సంగటి ముద్ద పెట్టింది. రోజూ ‘ఇంకొంచెం’ అంటుంది. అనలేదు.

సెప్టెంబరు 10, బుధవారం

డాక్టరమ్మ కార్డులో తేదీ చూసి, ఎందుకు రాలేదని కన్నడంలో అడిగింది. నేను నోరు తెరిచేలోపు అన్న, "ఊర్లో పని పడింది మేడం," అన్నాడు. మాట సగం మింగుతూ అన్నాడు. ఆయన ఆ నాలుకతో నన్ను కాశాడు.

మెడ నొక్కి చూసింది. ఒకటి కాదు, రెండు తగులుతున్నాయట. పెద్దది కండకు పట్టుకుని ఉందట. నరం ఉంటుందో పోతుందో తెరిచి చూస్తే తప్ప మాట ఇవ్వలేనంది. ఆ తర్వాత కరెంటు, అంటే రేడియేషను, కూడా పెట్టాలట. పోయిన నెల వచ్చి ఉంటే, అని మొదలుపెట్టి ఆపేసింది. పూర్తి చేసి ఉంటే బాగుండేది. ఆ సగం మాట ఇంకా చెవిలోనే ఉంది.

అన్న కుడి చేత్తో తాపీ పడతాడు. సజ్జ కింద ప్లాస్టరింగు ఈ చుట్టుపక్కల ఆయనలాగా తీసేవాడు లేడు. చెయ్యి తలపైకి ఎత్తి, తల వంచకుండా, ఒక్క చుక్క కింద పడకుండా. ఆ చెయ్యి గురించే డాక్టరమ్మ మొదటి రోజే చెప్పింది. నేను కరపత్రం చదువుతున్నాను అప్పుడు.

ఆదివారం చేరాలి, సోమవారం ఆపరేషను. ముగ్గురు రక్తం ఇవ్వాలి, ఏ గ్రూపైనా సరే. శనివారం మధ్యాహ్నానికి రక్తనిధిలో పడకపోతే సోమవారం ఆపరేషను వంతు ఇంకొకరికి ఇచ్చేస్తారు. మళ్ళీ ఎప్పుడో చెప్పలేమన్నారు.

దేవదానం అప్పుడే చొక్కా చెయ్యి మడిచేశాడు. డాక్టరమ్మ అతని మెడ చూసి, మీది తీసుకోరు, ఈ జబ్బు వచ్చినవాళ్ళది తీసుకోకూడదు అంది. అతను మడిచిన చెయ్యి మెల్లగా కిందికి దించుకున్నాడు.

సిగ్గు లేకుండా రాస్తున్నాను: ఆ క్షణం నాకు సంతోషం వేసింది. అతను ఇవ్వలేనిది నా దగ్గర ఉంది. నాది తీసుకుంటారు. మా అన్న ఒంట్లో పారేది నా నెత్తురు అనుకున్నాను. ఇచ్చినవాడిది ఇచ్చినవాడి మనిషికే ఎక్కించరని, అన్నీ కలిపి పెట్టి సరిపోయింది తీస్తారని బల్ల దగ్గర నర్సు చెప్పింది. అయినా సంతోషం పోలేదు.

తిరుగు బస్సులో ముగ్గురి సీటు దొరికింది. అన్న మధ్యన. మడివాళ దాటేసరికి నిద్రపోయాడు. తల దేవదానం వైపు వాలింది, భుజం జారని పక్కకు. నేను ఇటువైపు భుజం ఎత్తి పెట్టుకుని వర్తూరు దాకా కూర్చున్నాను.

సెప్టెంబరు 11, గురువారం

పని మానేసి షెడ్డు షెడ్డుకూ తిరిగాను. ఎవరూ ఒప్పుకోలేదు. నెత్తురిస్తే బరువు ఎత్తలేమని కొందరు. అది భయం, నచ్చజెప్పవచ్చు. మిగిలినవాళ్ళకు ఏం చెప్పాలి? సెంట్రింగు కొండయ్య గోడ మీది కాగితం చూపించి అడిగాడు.

"బెడ్డియ్యని ఆసుపత్రికి నెత్తురెందుకియ్యాలప్పా? నువ్వే కదా రాసినావు."

పదిమంది అదే మాట. నేను రాసిన వాక్యాలే నాకు అప్పజెప్పారు, ఒక్క అక్షరం పోకుండా. ఇంతకుముందు నేను రాసింది ఎవరూ ఇంత బాగా గుర్తుపెట్టుకోలేదు. చివరికి కొండయ్య, దేవదానమన్న పిలిస్తే చూస్తాంలే అన్నాడు. నేను పిలిస్తే కాదు.

నిజం చెప్పడానికి నోరు రాలేదు. పడకలు ఇప్పుడు దొరికాయి అన్నాను. ఇంకో అబద్ధం.

పోయి దేవదానాన్ని అడిగాను. నువ్వే పిలువన్నా అని. ఆ మాట నా నోట రావడానికి ఎంతసేపు పట్టిందో అతనికి తెలుసు, అయినా తొందరపెట్టలేదు.

"నేను పిలిస్తే ఇద్దరో ముగ్గురో వస్తారు గురప్పా. రేపు వాళ్ళ నోట్లో పుండు లేస్తే? గోడ మీద నీ కాగితం చదువుకుని ఇంట్లో పండుకుంటారు. నువ్వు అతికించినావు, నువ్వే పీకల్ల."

ఇంత సరిగ్గా మాట్లాడేవాణ్ణి ద్వేషించడం చాలా కష్టం. ప్రయత్నిస్తున్నాను.

సెప్టెంబరు 12, శుక్రవారం

పన్నెండు కాగితాలూ గోరుతో గీకి తీశాను. మైదాపిండి గట్టిపడి ఉంది. పిల్లలు చుట్టూ చేరి చూశారు.

అన్న షెడ్డు ముందర కూర్చుని ఎడమ చేత్తో తాపీ పట్టి గాలిలో ఆడిస్తున్నాడు. పక్కన నేల మీద దేవదానం, ఇట్లా కాదు, మోచెయ్యి దగ్గరికి పెట్టు అని చెప్తున్నాడు. నేను దగ్గరికి పోలేదు. ఆ ఇద్దరి మధ్య నాకు చోటు లేదు. చోటు నేనే చెడగొట్టుకున్నాను, అయినా కడుపు మండుతూనే ఉంది.

కొత్త కాగితం రాస్తున్నాను. మొదటిసారి ‘పొరపాటు జరిగింది’ అని రాశాను. కొట్టేశాను. జరగలేదు, చేశాను. రెండోసారి ‘దేవదానం పిలిస్తే వస్తామన్నవాళ్ళు ఆయన కోసమే రండి, నాకు బాధ లేదు’ అని రాశాను. బాధ ఉంది. అదీ కొట్టేశాను. ఇది చివరిది. చీకటి పడకముందే పన్నెండు ప్రతులు రాసి అవే గోడలకు అతికించాలి. అన్నకు ముందుగా చదివి వినిపించాలి. వింటాడో లేదో.

వర్తూరు షెడ్ల కార్మికులకు,

ఆసుపత్రిలో పడక లేదని పోయిన నెల ఈ గోడల మీద రాసింది అబద్ధం. పడక ఇచ్చారు. ఆగస్టు 18న రమ్మని చీటీ ఇచ్చారు. మేస్త్రీ సుంకన్నకు చదువు రాదు. చీటీ నేను దాచాను. అప్పటికి మెడలో బిళ్ళ చేతికి తగలలేదు. ఇప్పుడు రెండు తగులుతున్నాయి. ఆ ఇరవై ఎనిమిది రోజులు పోగొట్టింది డాక్టర్లు కాదు, ఆసుపత్రి కాదు. నేను.

నా మీది కోపం సుంకన్న మీద చూపించవద్దు. ముగ్గురి రక్తం కావాలి. ఒకడిని నేను. ఇంకా ఇద్దరు. రక్తం ఇస్తే బలం పోదు, రెండు రోజుల్లో బరువు ఎత్తవచ్చు. అనుమానం ఉంటే నన్ను కాదు, దేవదానాన్ని అడగండి. ఆయన కూడా వస్తాడు. నోట్లో మానని పుండు ఉన్నవాళ్ళు కూడా రండి, డాక్టరమ్మకు చూపిస్తాడు.

ఖాళీ కడుపుతో రావద్దు, తిని రండి. రేపు శనివారం, పొద్దున ఆరున్నరకు, నీళ్ళ ట్యాంకరు ఆగే చోట. బస్సు ఆరూ ముప్పావుకు. నేను ఆరింటి నుంచే నిలబడి ఉంటాను.

కడ్డీల పని గురప్ప